ఏడో గడిలో ‘లేదు’

“అది ఉత్తరం తల్లీ, ఎక్కాల పుస్తకం కాదు. ఎన్నిసార్లు చదివినా అందులో ఉన్నదే ఉంటుంది,” అంది అమ్మ, టీ గ్లాసు బల్ల మీద కాస్త గట్టిగానే పెట్టి.

కుదురమ్మ తల ఎత్తలేదు. చిన్నప్పుడు నిమిషం ఒకచోట నిలిచేది కాదని తండ్రి వేళాకోళంగా పెట్టిన పేరది. ఇరవై నాలుగేళ్లు వచ్చాక ఇవాళ ఆ పేరు నిలబెడుతోంది. గంట నుంచి కుర్చీలోంచి కదల్లేదు.

ఆరోగ్య వృత్తుల మండలి నుంచి ఉత్తరం వచ్చి ఆరు రోజులైంది. ఈ ఆరు రోజుల్లో ఆ ఇంట్లో ఎవరూ ఎవరితోనూ తిన్నగా మాట్లాడింది లేదు. నోరు విప్పితే పోట్లాట, మూస్తే అలక. కుదురమ్మ యోగ్యత మీద విచారణ ఇవాళ పదకొండు గంటలకే. గోడ గడియారంలో అప్పుడే ఎనిమిదిన్నర దాటింది.

“పరీక్ష పాసైంది. శిక్షణ గంటలు పూర్తి చేసింది. ఆరోగ్యం బాగానే ఉందని డాక్టరు రాసిచ్చాడు. అర్హతకి అభ్యంతరం లేదని వాళ్ళే రాశారు. మళ్ళీ ఈ యోగ్యతేమిటి మధ్యలో? రెండూ ఒకటి కాదూ?” అమ్మ ఈ ప్రశ్న ఆరు రోజులుగా అడుగుతూనే ఉంది. గోడనూ అడిగింది, కుట్టుమిషనునూ అడిగింది.

“ఒకటి కాదక్కా,” అన్నాడు మేనమామ. కోర్టులో గుమాస్తా. పొద్దున్నే సెలవు పెట్టి మరీ వచ్చాడు. “అర్హత అంటే నీకు పని వచ్చు అని. యోగ్యత అంటే ఆ పని నీ చేతికి అప్పగించొచ్చు అని.”

“నా కూతురి చేతికి ఏమొచ్చింది?”

కిటికీ దగ్గర అందరికీ వీపు పెట్టి కూర్చున్న తండ్రి, కలం విప్పి గుడ్డతో తుడుస్తున్నారు. అది నిన్న రాత్రే తుడిచిన కలం.

ఆయన్ని ఊళ్ళో అందరూ అర్జీల మాస్టారు అంటారు. బడిలో పాఠం చెప్పింది ఒక్కరోజూ లేదు. ఆరోగ్య వృత్తుల మండలి ఆఫీసుకు ఎదురుగా, మెట్ల కింద చిన్న బల్ల వేసుకుని ముప్పై ఒక్క ఏళ్లుగా దరఖాస్తులు నింపుతున్నారు. నర్సులు, పళ్ళ డాక్టర్లు, మందుల షాపు వాళ్ళు, ఎవరు మండలిలో పేరు నమోదు చేయించుకోవాలన్నా ముందు ఆయన బల్ల దగ్గర ఆగాల్సిందే. అక్షరాలు అచ్చు గుద్దినట్టుంటాయి. మాస్టారు రాసిన దరఖాస్తు తిరిగి రాదని పేరు. ఆ పేరంటే ఆయనకు ప్రాణం.

తిరిగి వచ్చిన మొట్టమొదటి దరఖాస్తు సొంత కూతురిది.

ఏడో ప్రశ్న ఇదీ: శిక్షణలో గానీ, ఉద్యోగంలో గానీ మీపై ఎప్పుడైనా క్రమశిక్షణ చర్య తీసుకున్నారా? పక్కన గడిలో మాస్టారి ముత్యాల అక్షరాల్లో ‘లేదు’ అని ఉంది. కింద కుదురమ్మ సంతకం. కానీ చర్య తీసుకున్నారు. ఫిజియోథెరపీ శిక్షణ చివరి ఏడాదిలో ఆమెను పదిహేను రోజులు వార్డుకు రావద్దన్నారు. ఆ సంగతి నరాల ఆసుపత్రి వాళ్ళకు ఉద్యోగం ఇంటర్వ్యూలో ఆమే నోరారా చెప్పింది. వాళ్ళు ముచ్చటపడి ఉద్యోగం ఇస్తామన్నారు. ముచ్చటపడుతూనే ఆ మాట మండలికి రాసిన కాగితంలోనూ పెట్టారు. మండలి వాళ్ళు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూశారు. ఇప్పుడు మండలి ఇచ్చే నమోదు నంబరు లేకపోతే ఆమె రోగి ఒంటి మీద చెయ్యి వేయకూడదు. ఉద్యోగం నెలాఖరు వరకే ఆగుతుంది.

“నేను చెప్పేది వినండి,” అన్నాడు మేనమామ కుర్చీ ముందుకు జరుపుకుని. అడ్డదారి లేని దారి ఈ లోకంలో లేదని నమ్మిన మనిషి ఆయన. “చాలా తేలిక. ‘ఆఫీసు బయట దరఖాస్తులు రాసే ఆయనెవరో రాశారండీ, హడావిడిలో నేను చూసుకోలేదు’ అని చెప్పు. అయిపోయింది. ఇందులో ఒక్క అక్షరం అబద్ధం ఉందా?”

“ఒక్క మాట ఉంది మావయ్యా.”

“ఏది?”

“‘ఎవరో’ అన్నది.”

కిటికీ దగ్గర గుడ్డ ఆగింది.

“చెప్పనీ,” అన్నారు మాస్టారు వెనక్కి తిరక్కుండానే. “ఎవరో అనే చెప్పనీ. నాకొచ్చిన నష్టమేమీ లేదు.”

“అదుగో, అలిగారు,” అంది అమ్మ. “ఏమండీ, మీరు అడిగి రాసి ఉంటే ఈ గొడవంతా ఉండేదా? ఏడో ప్రశ్న చదివి, అవునా కాదా అని కన్నకూతుర్ని అడగడానికి నోరు రాలేదా?”

“అడగాల్సిన అవసరం ఏముంది? పదిహేను రోజులు సెలవులిచ్చారని తనే చెప్పింది. సెలవుల్ని ఎక్కడైనా చర్య అంటారా?”

కుదురమ్మ ఉత్తరం మడిచి బల్ల మీద పెట్టింది.

“అవును నాన్నా. సెలవులనే చెప్పాను. సిగ్గేసి చెప్పాను.”

“ఆ పదిహేను రోజులూ ఈ ఇంట్లోనే ఉన్నావు. నాతో కూర్చుని భోంచేశావు.”

“ఉన్నాను.”

“ఒక్కసారి చెప్పొచ్చు కదా.”

“నువ్వు ఒక్కసారి అడగొచ్చు కదా.”

తండ్రీ కూతుళ్ళు ఒకరినొకరు చూసుకున్నారు. ఇద్దరిదీ ఒకటే ముక్కు, ఒకటే మొండితనం. అమ్మ గ్లాసు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. వెళ్తూ వెళ్తూ, “ఇంట్లో చెప్పిన అబద్ధం నడుచుకుంటూ వెళ్ళి కాగితమెక్కింది. ఇప్పుడేమో చేతులు కాలాక ఆకులు పట్టుకుంటున్నారు ఇద్దరూ,” అని వినపడేలాగే గొణిగింది.

కాసేపటికి మేనమామ మళ్ళీ గొంతు సవరించుకున్నాడు. కుదురమ్మ లేచి నిలబడింది.

“నేను నిర్ణయించుకున్నాను మావయ్యా. ఎవరి మీదా పెట్టను. చదవకుండా సంతకం పెట్టానని చెబుతాను. ఉన్నదున్నట్టు చెప్పడం నాకు వచ్చు. వార్డులో చెప్పాను, ఇంటర్వ్యూలో చెప్పాను, ఇక్కడా చెబుతాను. ఇంట్లోనే చేతకాలేదు.”

“నంబరు రాకపోతే?”

“వస్తుంది.”

ఆ ఒక్క మాట ఆమె ఎంత ధీమాగా అందంటే, అడ్డదారుల గుమాస్తా కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు.

గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ తండ్రి వైపు తిరిగింది. “నువ్వు రావద్దు నాన్నా. నిన్ను చూస్తే వాళ్ళు జాలిపడతారు. జాలితో ఇచ్చే నంబరు నాకొద్దు.”

“సరే,” అన్నారు మాస్టారు.

పెళ్ళయిన ఇన్నేళ్లలో ఆయన ఏ మాటకైనా ఒక్క పట్టున సరే అనడం అమ్మ ఎరగదు. వంటింటి గుమ్మంలోంచి ఆయన్ని అనుమానంగా చూసింది.

మండలి ఆఫీసు మొదటి అంతస్తులో పొడవాటి బల్లకు అవతల ముగ్గురు కూర్చున్నారు. మధ్యలో అధ్యక్షురాలు. తల పూర్తిగా నెరిసిన సర్జన్. ఎడమవైపు నలభై ఏళ్ల పళ్ళ డాక్టరు. కుడివైపున కూర్చున్న పెద్దాయన మాట్లాడే రకం కాదు, రాసుకునే రకం. పైన పంకా ఒక్కో చుట్టుకూ కిర్రుమంటోంది.

“ఏడో ప్రశ్న పైకి చదవండి,” అన్నారు అధ్యక్షురాలు.

కుదురమ్మ చదివింది.

“ఇదివరకు చదివారా?”

“సంతకం పెట్టాక చాలాసార్లు చదివానండి. పెట్టే ముందు చదవలేదు.”

పెద్దాయన కలం కదిలింది.

“ఆ పదిహేను రోజుల సంగతేమిటో చెప్పండి.”

చెప్పింది. ఒక బ్యాంకు కాపలాదారు. షుగరు వల్ల కాళ్ళకు స్పర్శ సరిగా లేదు. పిక్క మీద వేడి ప్యాక్ పెట్టాలి. పెట్టే ముందు రెండు గాజు గొట్టాల్లో ఒకదాంట్లో వేడినీళ్లు, ఒకదాంట్లో చన్నీళ్లు పోసి, కాలికి తాకించి, ఏది వేడో ఏది చల్లనో రోగినే అడగాలి. ఆ రోజు బెంచీ మీద పదకొండు మంది ఎదురుచూస్తున్నారు. ఆమె అడగకుండా ప్యాక్ పెట్టేసింది.

“తీసేసరికి రూపాయి బిళ్ళంత బొబ్బ లేచిందండి. ఆయనకు తెలియనే లేదు. ‘ఏమైందమ్మా’ అని నవ్వుతూ అడిగాడు. అది ఇప్పటికీ చెవిలో ఉంది.”

“ఎవరు చూశారు?”

“ఎవరూ చూడలేదు. నేనే వార్డు పుస్తకంలో రాశాను. రాసినందుకే పంపేశారు.”

“అక్కడ రాసిన మనిషి ఇక్కడెందుకు దాచారు?”

“దాచలేదండి. చదవలేదు. రెండింట్లో ఏది పెద్ద తప్పో మీరే చెప్పాలి.”

“నన్నడిగితే చదవకపోవడమే పెద్దది,” అన్నారు అధ్యక్షురాలు తడుముకోకుండా. “దాచేవాడికి కనీసం తను దేన్ని దాస్తున్నాడో తెలుసు.”

దెబ్బ సూటిగా తగిలింది. ఇంట్లో అయితే కుదురమ్మ మాటకు మాట అనేసేది. ఇక్కడ ఒక్క క్షణం ఆగింది. ఆ మాట నిజమని ఆమెకు ఆరు రోజులుగా తెలుసు.

“ఒప్పుకుంటానండి. అక్కడ రోగిని అడగకుండా వేడి పెట్టాను. ఇక్కడ ప్రశ్న చదవకుండా సంతకం పెట్టాను. రెండూ ఒకటే తప్పు. మళ్ళీ చెయ్యనని ఊరికే మాటివ్వడం తేలిక కాబట్టి ఇది తెచ్చాను.”

సంచీలోంచి మందపాటి నోటుపుస్తకం తీసి బల్ల మీద పెట్టింది. వార్డులో మళ్ళీ అడుగుపెట్టిన రోజు నుంచి శిక్షణ ముగిసే వరకు చూసిన ప్రతి రోగికీ అందులో ఒక వరుస ఉంది. వేడి గొట్టం తాకిస్తే రోగి ఏమన్నాడో, చన్నీళ్ల గొట్టం తాకిస్తే ఏమన్నాడో, వాళ్ళ మాటల్లోనే. ‘గోరువెచ్చగా ఉంది.’ ‘చీమ కుట్టినట్టుంది.’ ‘నువ్వింకా పెట్టలేదుగా?’ ఆఖరి మాట ఉన్న చోటల్లా పక్కనే ఎర్ర సిరాతో ‘వేడి వద్దు’ అని ఉంది.

అధ్యక్షురాలు పేజీలు తిప్పారు. ఒకచోట ఆగి చదువుకుని చిన్నగా నవ్వారు. ఆ నవ్వు కుదురమ్మ చూసింది. నంబరు వస్తుంది అనుకుంది. పొద్దున ఇంట్లో అన్న మాట బింకం కాదని తనకే నమ్మకం కుదిరింది.

“దరఖాస్తులో చేతిరాత మీది కాదు.”

“కాదండి. సంతకం నాది.”

“రాసిందెవరు?”

“మా నాన్న. ఈ ఆఫీసు ఎదుట మెట్ల కింద కూర్చుని దరఖాస్తులు రాస్తారు. జరిగింది ఆయనకు తెలియదు. నేను ఆయన దగ్గర దాచాను.”

పళ్ళ డాక్టరు చెయ్యి చాచి దరఖాస్తు దగ్గరికి లాక్కున్నాడు. చూశాడు. చూసినంత తొందరగానే వెనక్కి తోసేసి కళ్ళజోడు తుడుచుకోవడం మొదలుపెట్టాడు.

అప్పుడే తలుపు కాస్త తెరుచుకుంది. బంట్రోతు తల లోపలికి పెట్టాడు. “మేడమ్, మన మాస్టారండీ. కిందనుంచి వచ్చారు. ఆ రాత తనదేనట. ఒక్కమాట చెప్పి వెళ్ళిపోతారట.”

కుదురమ్మ కళ్ళు మూసుకుంది. కోపం వచ్చింది. ఆ వెనకే, నిజం చెప్పాలంటే, కొంత ధైర్యం కూడా వచ్చింది.

మాస్టారు లోపలికి వచ్చారు. ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు కలాలు. రోజూ ఎదురుగా చూసే భవనమే అయినా ముప్పై ఒక్క ఏళ్లలో ఈ గది లోపలికి రావడం ఇదే మొదలు. నాలుగు గోడలూ కలయజూసి నమస్కారం పెట్టారు. పళ్ళ డాక్టరు మీద చూపు పడగానే ఆయన ముఖం విప్పారింది.

“డాక్టరు గారూ, బాగున్నారా? గుర్తుపట్టారా నన్ను? పన్నెండేళ్ల కిందట జోరువానలో వచ్చారు, కాగితాలు చొక్కాలో దాచుకుని. మీది కూడా నేనే రాశాను. ఒక్క దిద్దుబాటు లేకుండా వెళ్ళిపోయింది.”

పళ్ళ డాక్టరు తుడిచిన కళ్ళజోడునే మళ్ళీ తుడుచుకున్నాడు.

“చెప్పండి,” అన్నారు అధ్యక్షురాలు. “ఈ ఏడో ప్రశ్న మీ అమ్మాయికి చదివి వినిపించారా?”

“లేదండి.”

“సొంత కూతురు కదా అని వదిలేశారా?”

మాస్టారికి రోషం వచ్చింది. పనిలో అశ్రద్ధ అంటే ఆయన ఓర్చుకోలేరు. పైగా కూతుర్ని కాపాడటానికి వచ్చారాయె.

“అయ్యో, అదేం లేదండి. మా అమ్మాయి అని తక్కువ చెయ్యలేదు, ఎక్కువ చెయ్యలేదు. నేనెవరికీ చదివి వినిపించనండి.”

“ఎవరికీ?”

“ఎవరికీ. ఆరు నుంచి పన్నెండు వరకు ఆ ప్రశ్నలు చూడండి మీరే. నువ్వు జైలుకెళ్ళావా, తాగుతావా, మత్తుమందు అలవాటుందా, నిన్నెవరైనా గెంటేశారా. చదువుకుని, కోటి ఆశలతో ఎదురుగా కూర్చున్న పిల్లల్ని పట్టుకుని ఇవన్నీ ఎలా అడుగుతామండీ? మర్యాదా అది? ఆ గళ్ళన్నిటికీ నేనే ‘లేదు’ రాసేస్తాను. వాళ్ళు సంతకం పెడతారు. కాబట్టి ఇందులో మా అమ్మాయి తప్పేమీ లేదు. అది చెప్పి పోదామనే వచ్చాను.”

చెప్పి, పని పూర్తయినట్టు చొక్కా సర్దుకున్నారు.

పెద్దాయన రాయడం ఆపేశాడు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడటం అంటే ఏమిటో కుదురమ్మకు అప్పుడు తెలిసింది. తండ్రికి ఇంకా తెలియలేదు.

“మేడమ్,” అన్నాడు పళ్ళ డాక్టరు గబగబా, “ఇది ఇవాళ్టి విచారణలోకి రాదు. మనం చూడాల్సింది ఈ అమ్మాయి యోగ్యత. అది స్పష్టంగా కనిపిస్తూనే ఉంది. ఇంత నిజాయితీ నేనెక్కడా చూడలేదు. నంబరు ఇచ్చేద్దాం. ఇప్పుడే ఇచ్చేద్దాం. మిగతా మాటలు విచారణ పుస్తకంలోకి ఎక్కక్కర్లేదు.”

అధ్యక్షురాలు ఆయన వైపు చూడలేదు. ఆవిడ ఎదురుగా రెండు కాగితాలు ఉన్నాయి. ఒకటి ఏడో గడిలో ‘లేదు’ ఉన్నది. రెండోది కుదురమ్మ పేరు టైపు చేసి, నంబరు కోసం చోటు ఖాళీగా వదిలినది.

“మాస్టారూ,” అన్నారావిడ నెమ్మదిగా, “ఇలా మీరు అడక్కుండా ‘లేదు’ రాసినవి ఎన్ని ఉంటాయి? ఎవరెవరివో చెప్పగలరా?”

మాస్టారు చెప్పగలరు. ఎవరు ఏ వానలో వచ్చారో, ఎవరి చేతికి ఏ గాజులున్నాయో కూడా చెప్పగలరు. చెప్పడానికి నోరు తెరిచారు కూడా. అప్పుడు పళ్ళ డాక్టరు ముఖం చూశారు. బల్ల మీది కాగితాలు చూశారు. తెరిచిన నోరు అలాగే ఉండిపోయింది. ఇంతసేపటికి ఆయనకు అర్థమైంది.

ఆయన కూతురి వైపు తిరిగారు. ఆ కళ్ళలో అంత బెదురు ఆమె పుట్టి బుద్ధెరిగి చూడలేదు. చెప్పమంటావా వద్దంటావా అని అడుగుతున్నారాయన. జీవితంలో మొదటిసారి ఆమెను ఒక ప్రశ్న అడుగుతున్నారు.

‘పద నాన్నా’ అంటే చాలు. పళ్ళ డాక్టరే తలుపు తీసి మరీ సాగనంపుతాడు. నంబరు ఇవాళే చేతికొస్తుంది. మెట్ల కింద బల్ల రేపు కూడా అక్కడే ఉంటుంది. తనతో పాటు చదివి, తన వెంటే వచ్చి ఆ బల్ల దగ్గర సంతకాలు పెట్టిన ముగ్గురు స్నేహితురాళ్ళూ హాయిగా నిద్రపోతారు. చెబితే ఏం పోతుందో లెక్కే లేదు. తన నంబరు కూడా అందులోనే పోవచ్చు.

కుదురమ్మ తండ్రి పక్కకు వెళ్ళి నిలబడింది. ఆయన చెయ్యి పట్టుకుంది. చెయ్యి చల్లగా ఉంది.

“చెప్పు నాన్నా,” అంది. “అడుగుతున్నారుగా.”